కార్డు ముక్క రాయని తండ్రి

1979 మార్చిలో న్యూయార్క్ రాష్ట్రం అల్‌స్టర్ కౌంటీలో ఒక ఫ్యామిలీ కోర్టు జడ్జి దత్తత ఉత్తర్వు మీద సంతకం చేశారు. పాపకి అప్పటికి రెండేళ్లు దాటాయి. దత్తత తీసుకున్నది తల్లిని పెళ్లి చేసుకున్న వ్యక్తి. కన్నతండ్రికి కోర్టు నోటీసు ఇవ్వలేదు. ఆయన చేతులు ముడుచుకుని కూర్చున్నవాడేమీ కాదు. అంతకు నెల రోజుల ముందే మరో కౌంటీ కోర్టులో, ఈ పాప నా కూతురని తేల్చండి, చూడనివ్వండి అని పిటిషన్ వేశాడు. ఆ సంగతి దత్తత జడ్జికీ తెలుసు. తెలిసే సంతకం పెట్టారు. పెళ్లికాని తండ్రులు పేరు నమోదు చేయించుకోవడానికి ఆ రాష్ట్రంలో ఒక రిజిస్టరు ఉంది. అందులో ఆయన పేరు లేదు కాబట్టి నోటీసు ఇవ్వనక్కర్లేదన్నారు.

కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1983లో లెహర్ వర్సెస్ రాబర్ట్‌సన్ తీర్పులో తొమ్మిది మందికి ఆరుగురు తండ్రికి వ్యతిరేకంగా నిలిచారు. ఆ రిజిస్టరు ఆఫీసుకి ఒక్క కార్డు ముక్క రాసి పడేసి ఉంటే నోటీసు వచ్చి తీరేది కదా అన్నది మెజారిటీ తీర్పు రాసిన జస్టిస్ స్టీవెన్స్ వాదన. మిగిలిన ముగ్గురి తరఫున జస్టిస్ వైట్ భిన్నాభిప్రాయం రాశారు. తల్లి తన ఆచూకీ దాచిందని, డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టి వెతికించానని, డబ్బు ఇస్తానన్నా తీసుకోలేదని తండ్రి చెబుతున్నాడు, ఆ మాటైనా వినాలి కదా అన్నారు ఆయన. వినలేదు.

ఈ తీర్పు నాకు మింగుడుపడదు. అయినా దాని కింద ఉన్న సూత్రాన్ని మాత్రం తీసిపారేయలేను. రక్తసంబంధం తండ్రికి ఒక అవకాశం ఇస్తుందే తప్ప హక్కుని పళ్లెంలో పెట్టి ఇవ్వదు. ఆ అవకాశాన్ని పట్టుకుని పిల్ల బాధ్యత కొంతైనా మోసినవాడికి రాజ్యాంగం అండగా నిలుస్తుంది. అంతకు పదకొండేళ్ల ముందు, 1972లో, స్టాన్లీ వర్సెస్ ఇల్లినాయి కేసులో అదే కోర్టు ఈ సూత్రపు రెండో ముఖాన్ని చూపించింది. అప్పుడప్పుడూ విడిపోతూ కలుస్తూ 18 ఏళ్లు ఒక స్త్రీతో కాపురం చేసి, ముగ్గురు పిల్లల్ని కన్న మనిషి స్టాన్లీ. ఆమె చనిపోగానే పిల్లల్ని ప్రభుత్వం తీసుకుపోయింది. పెళ్లికాని తండ్రి పనికిమాలినవాడేనని ఇల్లినాయి చట్టం ముందే తేల్చేసింది మరి. విచారణ లేకుండా అలా తేల్చడానికి వీల్లేదని సుప్రీంకోర్టు కొట్టేసింది.

అమెరికాలో పుట్టే పిల్లల్లో నూటికి నలభై మందికి తల్లిదండ్రుల పెళ్లి జరిగి ఉండదు. యాభై రాష్ట్రాలు, యాభై చట్టాలు. ఉద్యోగం కోసమో, పుట్టింటి ఆసరా కోసమో, కొట్టే మనిషి నుంచి తప్పించుకోవడానికో తల్లి పిల్లని తీసుకుని రాష్ట్రం దాటడం అక్కడ రోజూ జరిగే పని. ఆ ఒత్తిడిలోంచి వాళ్లు కొన్ని పద్ధతులు తయారుచేసుకున్నారు. కొన్ని బాగున్నాయి, కొన్ని ఘోరంగా ఉన్నాయి. హైదరాబాదు కొండాపూర్‌లో కలిసి ఉండి, ఒకరికి పుణెలోనో బెంగళూరులోనో ఉద్యోగం రాగానే విడిపోయే జంటలు మన మధ్య కూడా ఉన్నారు. అమెరికాలో ఉంటూ ఆ చట్టాల కిందే బతుకుతున్న తెలుగువాళ్లూ ఉన్నారు. అందుకే ఈ సంగతి మనకూ కావాలి.

ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో పెళ్లికాని జంట ఒకటి ఉందనుకుందాం. పద్నాలుగు నెలల బాబు. ఆస్పత్రిలోనే ఇద్దరూ పితృత్వ అంగీకార పత్రం మీద సంతకాలు పెట్టారు. జనన ధ్రువపత్రంలో తండ్రి పేరు ఉంది. జనవరి మొదటివారంలో తల్లి బాబుని తీసుకుని టెక్సస్‌లోని డాలస్ వెళ్లిపోయింది. తండ్రి పోలీస్ స్టేషన్‌కి పరుగెత్తాడు. అక్కడ అడిగే మొదటి ప్రశ్న: కోర్టు ఆర్డరు ఉందా? లేదు. అయితే మేం చేయగలిగింది లేదంటారు. ఒహాయో చట్టంలో పెళ్లికాని తల్లి ప్రసవించిన క్షణం నుంచి బాబుకి ఆమె ఒక్కతే సంరక్షకురాలు. కోర్టు మరోలా చెప్పేదాకా అంతే. ఆస్పత్రి కాగితం అతన్ని తండ్రిని చేసింది గానీ, సంరక్షణలో వాటా ఇవ్వలేదు. మిన్నెసోటాలోనూ ఇదే తీరు. చాలామంది తండ్రులు బోల్తాపడేది ఇక్కడే. సంతకం పెట్టాం కదా, పేరు ఎక్కింది కదా అని నిశ్చింతగా ఉంటారు.

అయితే ఒహాయో చట్టంలోనే ఇంకో వాక్యం ఉంది. తండ్రి కోర్టుకొచ్చి అడిగితే, సంరక్షణ ఎవరికన్నది తేల్చేటప్పుడు కోర్టు తల్లిదండ్రులిద్దర్నీ సమానంగా చూడాలి. అంటే అడగనంతవరకు తల్లిదే, అడిగాక ఇద్దరూ ఒకే మెట్టు మీద ఉంటారు. ఈ ఏర్పాటు నాకు నచ్చుతుంది. పసిబిడ్డ ఎవరి దగ్గర ఉండాలన్న గందరగోళం మొదటిరోజు ఉండదు. అలాగని తండ్రి మొహాన తలుపూ వేయరు.

ఇక గడియారం సంగతి. ఒకప్పుడు అమెరికాలో పిల్లని ఎత్తుకుని రాష్ట్రం దాటి, అక్కడ తనకి అనుకూలమైన ఉత్తర్వు తెచ్చుకోవడం పెద్ద ఆట. రెండు రాష్ట్రాలు రెండు ఉత్తర్వులు ఇచ్చేవి. దాన్ని ఆపడానికి 1980లో ఒక కేంద్ర చట్టం, 1997లో రాష్ట్రాలన్నీ ఒకేలా చేసుకోవాల్సిన నమూనా చట్టం వచ్చాయి. మసాచుసెట్స్ తప్ప అన్ని రాష్ట్రాలూ ఆ నమూనాని ఆమోదించాయి. దాని గుండెకాయ ఒకటే: కేసు వేసేనాటికి ముందు వరుసగా ఆరు నెలలు పిల్ల ఎక్కడ ఉందో అదే ఆ పిల్ల ఇంటి రాష్ట్రం. తల్లిదో తండ్రిదో రాష్ట్రం కాదు, పిల్లది. పిల్ల వెళ్లిపోయినా, తల్లిదండ్రుల్లో ఒకరు అక్కడే ఉంటే, వెళ్లిన ఆరు నెలల్లోపు వేసిన కేసు పాత రాష్ట్రంలోనే నడుస్తుంది.

మన కొలంబస్ తండ్రి జూన్‌లో కేసు వేస్తే అది ఒహాయోలో నడుస్తుంది. తల్లి డాలస్ నుంచి అక్కడికి జవాబు చెప్పుకోవాలి. వస్తుందిలే, సర్దుకుంటుందిలే, పెద్దవాళ్లు మాట్లాడతారులే అని ఎదురుచూసి జులై చివర్లో వేస్తే టెక్సస్ ఇంటి రాష్ట్రం అయిపోయి ఉంటుంది. అతను డాలస్‌లో లాయర్ని పెట్టుకోవాలి, వాయిదా వాయిదాకీ విమానం ఎక్కాలి. అదే తండ్రి, అదే బాబు. మారింది కేసు వేసిన నెల ఒక్కటే.

పిటిషన్‌తో పాటు ఒక అఫిడవిట్ ఇవ్వాలి. అది చూస్తే ఆ చట్టం దేన్ని పట్టించుకుంటుందో అర్థమవుతుంది. ప్రేమ గురించి, తప్పొప్పుల గురించి అందులో గడులు లేవు. పిల్ల ఇప్పుడు ఏ చిరునామాలో ఉంది, గడిచిన ఐదేళ్లలో ఎక్కడెక్కడ ఉంది, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఎవరెవరితో, వాళ్లిప్పుడు ఎక్కడున్నారు, ఈ పిల్ల గురించి ఇంకెక్కడైనా కేసు ఉందా, పిల్ల మాకు కావాలనే మరో మనిషి ఎవరైనా ఉన్నారా. ఐదేళ్లు నిండని పిల్లకి పుట్టినప్పటి నుంచి రాయాలి. రెండు రాష్ట్రాల్లో రెండు కేసులు పడితే ఇద్దరు జడ్జీలు ఒకరితో ఒకరు మాట్లాడుకుని ఎవరు వినాలో తేల్చుకోవాలని చట్టమే చెబుతుంది. ఆ సంభాషణ రికార్డులో ఉండాలి, కక్షిదారులకి తెలియాలి. ఒక కోర్టు ఉత్తర్వు ఇచ్చాక, తల్లిదండ్రుల్లో ఒకరైనా ఆ రాష్ట్రంలో ఉన్నంతకాలం మార్పులూ చేర్పులూ సాధారణంగా ఆ కోర్టు చేతిలోనే ఉంటాయి. ఉత్తర్వు ఉంటే తల్లికైనా తండ్రికైనా ఊరు మారడం చెప్పకుండా చేసే పని కాదు. ఫ్లోరిడాలో యాభై మైళ్లు దాటి మకాం మార్చాలంటే రెండోవారి ఒప్పుదలో, కోర్టు అనుమతో కావాలి.

గర్భంలో ఉన్న బిడ్డకి మాత్రం ఇంటి రాష్ట్రం ఉండదు. స్కీయింగ్‌లో ఒలింపిక్ పతకాలు గెలిచిన బోడీ మిల్లర్ కేసు ఈ గీతని స్పష్టంగా గీసింది. అతనితో పెళ్లికాని తల్లి, గర్భిణిగా ఉండగా కాలిఫోర్నియా నుంచి చదువు కోసం న్యూయార్క్ వెళ్లింది. అతను కాలిఫోర్నియాలో అప్పటికే పితృత్వ పిటిషన్ వేశాడు. 2013లో బాబు న్యూయార్క్‌లో పుట్టాడు. న్యూయార్క్‌లోని కింది కోర్టు ఆమె వెళ్లిపోవడాన్ని తప్పుపట్టి కేసుని కాలిఫోర్నియాకి వదిలేసింది. ఆ ఏడాది నవంబరులో అప్పీలు కోర్టు దాన్ని తిరగదోసింది. గర్భిణి ఎక్కడ ఉండాలో నిర్దేశించే అధికారం కాబోయే తండ్రికి లేదని, బిడ్డ పుట్టిన చోటే లెక్క అని తేల్చింది. ఆ తీర్పు సరైనదని నేను గట్టిగా నమ్ముతాను. తండ్రి హక్కు బిడ్డ మీద మొదలవ్వాలి, తల్లి ఒంటి మీద కాదు.

దెబ్బలు తిని పారిపోయిన తల్లికి ఆరు నెలల గడియారం ఉరి అవుతుందా? ఆ ప్రశ్న చట్టం రాసినవాళ్లకీ వచ్చింది. పిల్లకిగానీ, తల్లికిగానీ హింస ముప్పు ఉంటే, వెళ్లి తలదాచుకున్న రాష్ట్రం అత్యవసరంగా తాత్కాలిక ఉత్తర్వు ఇవ్వొచ్చు. హింస జరిగినప్పుడు ఏ రాష్ట్రం వాళ్లని బాగా కాపాడగలదో చూసి, ఇంటి రాష్ట్రమే కేసుని వదులుకోవచ్చు కూడా. ఈ మినహాయింపు లేకపోతే ఆరు నెలల నియమాన్ని ఎవరికీ సిఫారసు చేసేవాణ్ణి కాదు.

నేను ఇందాక ఘోరంగా ఉందన్నది తండ్రుల రిజిస్టరు. సగానికి పైగా రాష్ట్రాల్లో ఉంది; దేశమంతటికీ కలిపి ఒక్కటి లేదు. తండ్రి ఒహాయోలో పేరు నమోదు చేయించుకున్నా, తల్లి మరో రాష్ట్రంలో ప్రసవించి బిడ్డని దత్తతకి ఇచ్చేస్తే, ఆ రాష్ట్రానికి ఇతను ఎవరో తెలియదు. యూటా చట్టం ఇలాంటి విషయాల్లో చాలా కఠినమని పేరు. వేరే రాష్ట్రాల నుంచి వచ్చి, ఫలానా కాగితం ఫలానా రోజులోపు దాఖలు చేయలేదన్న కారణంతో బిడ్డని పోగొట్టుకున్న తండ్రుల కేసులు అక్కడ ఉన్నాయి. ఉందని ఎవరికీ తెలియని రిజిస్టరులో పేరు లేదని మనిషిని తండ్రిగా కొట్టేయడం న్యాయం ఎలా అవుతుంది?

డబ్బు దగ్గర మాత్రం అమెరికా ప్రభుత్వానికి మతిమరుపు లేదు. ఆస్పత్రిలో పితృత్వ పత్రం పెట్టించే ఏర్పాటు ప్రతి రాష్ట్రంలో ఉండాలని 1993లో కేంద్రం నియమం చేసింది ముఖ్యంగా తండ్రి నుంచి భరణం వసూలు చేయడానికే. సంతకం పెట్టాక 60 రోజుల్లో వెనక్కి తీసుకోవచ్చు. ఆ తర్వాత మోసమో బలవంతమో వాస్తవాల్లో పొరపాటో రుజువు చేస్తే తప్ప వీల్లేదు. జీతంలోంచి డబ్బు కోసే భరణం ఉత్తర్వుకి పునాదిగా ఆ కాగితం చాలు. ఒహాయో లాంటి రాష్ట్రంలో పిల్లని వారానికోసారి చూడ్డానికి అది చాలదు.

మన దగ్గరా అంతే. పెళ్లి బయట పుట్టిన పిల్లకి భరణం ఇవ్వాల్సిన బాధ్యత తండ్రిదని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షనూ, ఇప్పటి నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షనూ చెబుతాయి. సంరక్షణ దగ్గరికి వచ్చేసరికి 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టంలో 6వ సెక్షన్ అలాంటి పిల్లకి సహజ సంరక్షకురాలు తల్లి, ఆమె తర్వాత తండ్రి అంటుంది. తల్లికి మొదటి స్థానం ఇవ్వడంలో నాకు ఏ అభ్యంతరమూ లేదు. కానీ అక్కడితో ఆగిపోయింది మన చట్టం. అడగడానికొచ్చిన తండ్రిని సమానంగా చూడాలన్న ఒహాయో రెండో వాక్యం మనకి లేదు. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద అతను పిటిషన్ వేయొచ్చు. ఆ చట్టం 8వ సెక్షన్ ప్రకారం పిల్ల బంధువో స్నేహితుడో కూడా వేయొచ్చు. కన్నతండ్రి వచ్చేదీ ఆ గుమ్మంలోంచే.

2015 జులైలో సుప్రీంకోర్టు, తన పేరు బయటపెట్టని ఒక క్రైస్తవ తల్లి కేసులో, పెళ్లికాని తల్లి సంరక్షకురాలిగా ప్రకటించుకోవడానికి తండ్రి పేరు చెప్పనక్కర్లేదని, అతనికి నోటీసు అక్కర్లేదని తీర్పిచ్చింది. తల్లి చెప్పినదాని ప్రకారం ఆ తండ్రికి బిడ్డ పుట్టిందనే తెలియదు, అతనికి వేరే సంసారం ఉంది. జనన ధ్రువపత్రం కోసం అలాంటి తల్లి అఫిడవిట్ చాలని కూడా చెప్పింది. ఎంతోమంది ఆడవాళ్లని ఆఫీసుల చుట్టూ అవమానాలు పడకుండా కాపాడిన తీర్పు ఇది, దాన్ని ముట్టుకోకూడదు. సంరక్షణ ఉత్తర్వులు శాశ్వతం కావని, పిల్ల క్షేమం ప్రమాదంలో పడితే పిల్ల గురించి నిజంగా పట్టింపు ఉన్నవాళ్లు ఎప్పుడైనా ప్రశ్నించవచ్చని ఆ తీర్పే చెప్పింది. కానీ మూడేళ్లు రాత్రుళ్లు లేచి పాలు కలిపిన తండ్రికీ, కబురే తెలియని తండ్రికీ మన చట్టం కాగితం మీద ఒకే చోటు ఇచ్చింది. ఆ తేడాకి చట్టబలం ఇచ్చే పత్రం ఏదీ అతని చేతికి రాదు. డీఎన్‌ఏ పరీక్ష అడిగినంత మాత్రాన ఇవ్వకూడదని 1993 నుంచీ సుప్రీంకోర్టు మాట.

ఇంగ్లండ్ దీన్ని తేలిగ్గా పరిష్కరించుకుంది. 2003 డిసెంబరు 1 నుంచి, పెళ్లికాని తల్లిదండ్రులిద్దరూ కలిసి జననం నమోదు చేయిస్తే తండ్రికి బాధ్యతా హక్కూ రెండూ వస్తాయి. తల్లి ఒప్పుకుంటేనే అది జరుగుతుంది. ఒప్పుకోకపోతే అతను కోర్టుకి వెళ్లాలి.

ఊరు మారడం దగ్గర మన లోటు ఇంకా పెద్దది. పిల్ల సాధారణంగా ఎక్కడ నివసిస్తుందో ఆ జిల్లా కోర్టుదే అధికారమని 1890 చట్టం 9వ సెక్షన్ అంటుంది. ఎన్ని నెలలుంటే నివాసం? చట్టంలో అంకె లేదు. ఏది నివాసమన్నది ఉద్దేశాన్ని, వాస్తవాలని బట్టి తేల్చాల్సిన ప్రశ్న అని 2011లో రుచీ మాజూ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఫలితం ఏమిటంటే, తల్లి హైదరాబాదు నుంచి పుణె వెళ్తే, పిల్ల ఎవరి దగ్గర పెరగాలన్న అసలు ప్రశ్నకి ముందు ఏ కోర్టు వినాలన్న వాదన మీదే ఏళ్లు గడవొచ్చు. తండ్రి హైదరాబాదులో వేస్తాడు, తల్లి పుణెలో వేస్తుంది. రాష్ట్రం దాటించి ఒకచోటికి చేర్చాలంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ 25వ సెక్షన్ కింద ఢిల్లీలో సుప్రీంకోర్టు తలుపు తట్టాలి. ఇద్దరు జడ్జీలు ఫోనెత్తి మాట్లాడుకునే పద్ధతి మనకి లేదు. ఈలోపు రెండేళ్ల పిల్లకి నాలుగేళ్లు వస్తాయి. తండ్రి మొహం మర్చిపోతుంది.

ఇంకో విచిత్రం ఉంది. మైనర్‌ని సంరక్షకుల దగ్గర్నుంచి తీసుకుపోవడం నేరమని చెప్పే 1860 నాటి శిక్షాస్మృతి సెక్షన్, పెళ్లి బయట పుట్టిన పిల్లకి తానే తండ్రినని సద్బుద్ధితో నమ్మేవాడికి మినహాయింపు ఇచ్చింది. కొత్త న్యాయ సంహిత 137వ సెక్షన్‌లోనూ ఆ మినహాయింపు కొనసాగింది. అడగడానికి సరైన గుమ్మం కట్టని చట్టం, ఎత్తుకుపోతే మాత్రం శిక్ష లేదన్నట్టు మాట్లాడుతోంది. తలకిందులైన ఏర్పాటు ఇది.

మార్చాల్సింది పెద్దగా ఏమీ లేదు. పుట్టుక నమోదు ఫారంలో ఇద్దరూ ఇష్టపడి పెట్టే సంతకానికి చట్టబలం ఇవ్వాలి. తల్లి వద్దంటే బలవంతం లేదు, పేరు చెప్పమని ఒత్తిడి లేదు. ఆ సంతకం ఉన్న తండ్రిని, లేకపోయినా పిల్లని సాకిన తండ్రిని కోర్టు సమానంగా వినాలని 6వ సెక్షన్‌కి ఒక వాక్యం చేర్చాలి. 9వ సెక్షన్‌లో ఆరు నెలలో మరొకటో ఒక అంకె పెట్టాలి, హింస నుంచి పారిపోయిన తల్లికి మినహాయింపుతో సహా. మనకి ఆ ఆలోచన కొత్తేమీ కాదు. వేధింపులకి గురైన భార్య తలదాచుకున్న చోటే 498-ఎ కేసు పెట్టుకోవచ్చని 2019లో రూపాలీ దేవి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో అమల్లోకి వచ్చిన ఉత్తరాఖండ్ ఉమ్మడి పౌరస్మృతి సహజీవనం చేసే జంటలు తమ సంబంధాన్ని నమోదు చేయించుకోవాలని, లేకపోతే జైలని అంటోంది. పడకగదిని నమోదు చేయడం మీద అంత పట్టుదల ఎందుకో నాకు అర్థం కాదు. నమోదు కావాల్సింది పురిటిగదిలోని బిడ్డకి ఎవరెవరు పూచీ అన్నది.

చట్టం మారేదాకా, ఇప్పుడు హైదరాబాదులో ఈ స్థితిలో ఉన్న తండ్రి ఎదురుచూపులతో నెలలు పోగొట్టుకోకూడదు. పిల్ల ఇంకా ఇక్కడ ఉండగానే, లేదా వెళ్లిన కొద్ది రోజుల్లోనే, ఫ్యామిలీ కోర్టులో గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద పిటిషన్ వేయాలి. సంరక్షణతో పాటు, కేసు నడిచినంతకాలం పిల్లని చూసే తాత్కాలిక ఏర్పాటు కూడా అందులోనే అడగాలి. టీకాల కార్డు, ప్లే స్కూలు ఫీజు రసీదులు, పిల్లల డాక్టరు చీటీలు, అద్దె ఒప్పందం, నెలనెలా పంపిన డబ్బు వివరం దానికి జతచేయాలి. తల్లి తీసుకోనన్నా డబ్బు పంపడం ఆపకూడదు. న్యాయ సంహితలో మినహాయింపు ఉంది కదా అని పుణె వెళ్లి పిల్లని ఎత్తుకురాకూడదు. మైనర్ పిల్లల విషయంలో హెబియస్ కార్పస్ వేసుకోవచ్చని 2019లో తేజస్వినీ గౌడ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పాక, ఆ తల్లి నేరుగా హైకోర్టుకి వెళ్తుంది. అక్కడ పిల్లని తిరిగి అప్పగించమని ఉత్తర్వు వస్తే, ఆ తర్వాత ఫ్యామిలీ కోర్టులో అతను వేసే ప్రతి పిటిషన్‌కీ అవతలి లాయరు మొదట జతచేసేది ఆ ఉత్తర్వు కాపీనే.